వ్యసనమా? వ్యాధా? వట్టి భయమా?

(అదుపు తప్పిన లైంగిక ప్రవర్తనకు ఏ పేరు పెట్టాలి?)

— తృతీయ సంవత్సరం బి.ఎస్సీ. (బి.జెడ్.సి.) విద్యార్థి

మన పెద్దలు సప్తవ్యసనాలని ఏడింటిని లెక్కగట్టి పెట్టారు. జూదం, తాగుడు, వేట, స్త్రీలోలత్వం, పరుషంగా మాట్లాడడం, క్రూరంగా దండించడం, డబ్బు దుబారా చేయడం. ఏలేవాడు వీటికి లోబడితే రాజ్యం పోతుందని నీతిశాస్త్రాలు హెచ్చరించాయి. (రాసిందీ మగవాళ్ళే, చదివిందీ మగవాళ్ళే కనుక స్త్రీని కూడా పాచికల పక్కన, కల్లుముంత పక్కన ఒక వస్తువుగా చేర్చారు. అది వేరే వ్యాసం.) ఈ జాబితాను నేటి వైద్యశాస్త్రం ముందు పెడితే చిత్రమైన సంగతి ఒకటి కనిపిస్తుంది. తాగుడును వైద్యులు ఏనాడో వ్యాధుల పట్టికలో చేర్చారు. జూదాన్ని 2013లో తీసుకొచ్చి తాగుడు పక్కనే కూర్చోబెట్టారు. వేటనూ, పరుషవాక్కునూ ఎవరూ పట్టించుకోలేదు. ఇక మిగిలింది కామం. అది హద్దు మీరితే దాన్ని ఏ వరుసలో కూర్చోబెట్టాలన్నది నలభై ఏళ్ళు దాటినా తేలని తగవు.

ఇది కాలేజీ సంచికలో రాయతగిన విషయమేనా అని ఒక మిత్రుడు అడిగాడు. హాస్టలు గదుల్లో దీపాలార్పిన తరువాత సాగే కబుర్లలో సగం దీని చుట్టూ తిరిగేవే గదా! చీకట్లో మాట్లాడుకునేదాన్ని ఒకసారి వెలుగులో పెట్టి చూస్తే నష్టం లేదు. పైగా ఈ తగవు డాక్టర్ల పుస్తకాల్లోనే ఉండిపోయేది కాదు. దీని తీర్పునుబట్టి ఒక కుర్రవాడు అకారణంగా హడలిపోయి చదువు పాడుచేసుకోవచ్చు. నిజంగా బాధపడేవాడు సిగ్గుతో వైద్యానికి వెళ్ళకుండా ఆగిపోవచ్చు. ఒక నేరస్థుడు "నాది జబ్బండీ" అని తప్పించుకోజూడవచ్చు. ముగ్గురూ మన చుట్టూ ఉన్నవాళ్ళే.

పేరుతో పనేమిటి?

"పేరు ఏదైతేనేం, బాధ తగ్గితే చాలదా?" అని అడగవచ్చు. మాది మిరప పండించే కుటుంబం కనుక దీనికి మా చేలోంచే జవాబు చెబుతాను. ఆకుముడత అనగానే తెలియనివాళ్ళు అదొకటే తెగులు అనుకుంటారు. ఆకు పైకి దోనెలా ముడుచుకుంటే అది తామరపురుగుల పని. బోర్లించిన దోనెలా కిందికి ముడుచుకుంటే అది నల్లి పని. తెల్లదోమ మోసుకొచ్చే వైరసు వల్ల వచ్చే ముడత మరొకటి. దూరంనుంచి చూస్తే మూడూ ముడతలే. తామరపురుగు మందు నల్లిమీద కొడితే డబ్బు దండగ, నల్లి హాయిగా ఉంటుంది. వైరసు సోకిన మొక్కకు ఏ మందూ పనిచేయదు. మా నాన్న ఆకును తిరగేసి చూడందే పంపు భుజానికెత్తుకోడు.

వైద్యంలో వర్గీకరణ అంటే ఆకును తిరగేసి చూడడమే. ఒక బాధకు పెట్టిన పేరు దాని కారణం ఏమిటో, మందు ఏమిటో, ఎంత మాత్రం రోగి చేతిలో ఉందో, ఎంత లేదో ముందే చెప్పేస్తుంది. "వ్యసనం" అంటే, పూర్తిగా మానేయడమే మార్గమనీ, ఒక్కసారి రుచి చూసినా మళ్ళీ మొదటికే వస్తుందనీ తాగుబోతుల వైద్యంనుంచి వచ్చిన భావాలన్నీ ఆ మాట వెంటే వస్తాయి. అవి ఇక్కడ వర్తిస్తాయా అన్నదే అసలు ప్రశ్న.

ఏది సమస్య, ఏది కాదు

లీలాశుకుడి కథ మీరు వినే ఉంటారు. ఆయన పూర్వాశ్రమంలో బిల్వమంగళుడు. చింతామణి అనే వేశ్యమీది మోహంతో తుఫాను రాత్రి ఏరు దాటాడు. దుంగ అనుకుని పట్టుకు ఈదింది శవాన్ని. తాడు అనుకుని పట్టుకు మేడ ఎక్కింది పామును. ఈ కథనే కాళ్ళకూరి నారాయణరావుగారు చింతామణి నాటకంగా రాస్తే మన పల్లెల్లో తెల్లవార్లూ కూర్చుని చూసేవారు. శవానికీ దుంగకూ తేడా తెలియనంతగా మనసును లాక్కుపోయే స్థితి ఒకటి ఉంటుందని మనవాళ్ళకు తెలుసునన్నమాట. ప్రశ్న అలాంటి స్థితి గురించే తప్ప, యౌవనంలో అందరికీ కలిగే కోరిక గురించి కాదు.

ఇక్కడ చాలామంది పొరబడేది లెక్క దగ్గర. వారానికి ఎన్నిసార్లు, రోజుకు ఎన్ని గంటలు అని లెక్కవేసి జబ్బును తేల్చలేము. ఆకలి ఎక్కువున్నవాడు ఉంటాడు, తక్కువున్నవాడు ఉంటాడు. కామమూ అంతే. ప్రపంచ ఆరోగ్య సంస్థ వారు చూడమన్నవి వేరే గుర్తులు. ఆ ప్రవర్తనే బతుకుకు కేంద్రమై తిండి, ఆరోగ్యం, చదువు, ఉద్యోగం, బాధ్యతలు వెనకబడాలి. తగ్గించుకోవాలని పలుమార్లు ప్రయత్నించి ఓడిపోవాలి. నష్టం కళ్ళముందు కనిపిస్తున్నా ఆగలేకపోవాలి. చివరికి అందులో సంతోషం ఏమీ మిగలకపోయినా చేస్తూనే ఉండాలి. ఇలాంటి తీరు ఆరు నెలలో అంతకు మించో సాగాలి, దానివల్ల మనిషికి తీవ్రమైన బాధో, బతుకులో గట్టి దెబ్బో తగలాలి.

ఇద్దరు కుర్రవాళ్ళను ఊహించండి. ఒకడు రాత్రిపూట సెల్‌ఫోనులో చూడకూడనివి అప్పుడప్పుడు చూస్తాడు, పొద్దున్నే లేచి క్లాసుకు పోతాడు, పాపం చేశానేమోనని కుమిలిపోతాడు. రెండోవాడు తెల్లవారేదాకా చూస్తాడు, పరీక్షలు రాయడు, అప్పులు చేసి డబ్బు పంపి వీడియో కాల్సు మాట్లాడతాడు, రెండుసార్లు ఫోను అమ్మేసి మళ్ళీ కొంటాడు. "నాకిందులో సుఖం లేదురా" అంటూనే కొనసాగిస్తాడు. మొదటివాడికి ఉన్నది భయం. రెండోవాడికి ఉన్నది బాధ. ఇద్దరూ తమకు తాము పెట్టుకునే పేరు మాత్రం ఒక్కటే: "నేను అడిక్ట్ అయిపోయాను."

ఈ బాధ మగవాళ్ళకే పరిమితం కాదు. అమెరికాలో 2018లో ప్రచురించిన ఒక పరిశోధనలో 18 నుంచి 50 ఏళ్ళ మధ్య వయసువారు 2325 మందిని ప్రశ్నించారు. లైంగిక కోరికలను అదుపు చేసుకోలేక చెప్పుకోదగ్గ బాధ పడుతున్నామన్నవారు నూటికి 8.6. మగవారిలో 10.3, ఆడవారిలో 7. ఇది ప్రశ్నావళికి వచ్చిన జవాబేగాని డాక్టరు పరీక్షించి తేల్చిన రోగం కాదని గుర్తుంచుకోవాలి. అయినా మనం అనుకున్నంత అరుదైన బాధ కాదని మాత్రం తెలుస్తోంది.

వ్యసనమే అనేవారి వాదం

1983లో పాట్రిక్ కార్న్స్ అనే అమెరికన్ రాసిన పుస్తకంతో "సెక్స్ అడిక్షన్" అనే మాట జనంలోకి వచ్చింది. అంతకుముందే, 1976లో, బోస్టను నగరంలో తాగుడు మానినవారి సంఘాల పద్ధతిలోనే ఇలాంటి బాధితుల సంఘం ఒకటి మొదలైంది. 1987లో అమెరికన్ మానసిక వైద్యుల గ్రంథం, డి.ఎస్.ఎం. అంటారే, అందులో ఈ మాట ఒక మూల చోటు సంపాదించింది. 1994 నాటి కూర్పులో మళ్ళీ మాయమైంది.

వీరి వాదానికి బలం మెదడులోంచి వచ్చింది. 1954లో కెనడాలోని మెగిల్ విశ్వవిద్యాలయంలో ఓల్డ్స్, మిల్నర్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు ఎలుక మెదడులో సన్నని తీగ గుచ్చి, మీట నొక్కినప్పుడల్లా కొద్దిగా విద్యుత్తు ప్రవహించే ఏర్పాటు చేశారు. తీగ కొన్ని చోట్ల ఉన్నప్పుడు ఎలుక మీటను వదల్లేదు. తరువాతి ప్రయోగాల్లో గంటకు వేలసార్లు నొక్కిన ఎలుకలున్నాయి. మేత పక్కనే ఉన్నా ముట్టకుండా మీట దగ్గరే కూర్చున్నవి ఉన్నాయి. ఈ నాడీమార్గంలో ముఖ్యపాత్ర డోపమిన్ అనే రసాయనానిదని తరువాత తెలిసింది. సారాయి, నల్లమందు, కొకెయిన్ ఈ మార్గాన్నే తడతాయి. కామప్రేరణలు కూడా ఈ మార్గాన్నే తడతాయి.

డోపమిన్ అంటే ఆనందం అని మొదట అనుకున్నారు. అంత సులువు కాదు. డోపమిన్ లేకుండా చేసిన ఎలుక నోట్లో పంచదారనీళ్ళు పోస్తే రుచిని ఆస్వాదించిన గుర్తులు మొహంమీద కనిపించాయి. కాని నాలుగడుగులు వేసి తెచ్చుకుందామన్న కోరిక దానికి లేదు. ఇట్లా "కోరడం" వేరు, "ఇష్టపడడం" వేరు అని 1993లో రాబిన్సన్, బెరిడ్జ్ అనే ఇద్దరు ఒక సిద్ధాంతం ప్రతిపాదించారు. వ్యసనంలో కోరిక పెరుగుతూ పోతుంది, ఇష్టం మాత్రం పెరగదు. "మజా లేదు, అయినా మానలేను" అని తాగుబోతు చెప్పే మాటకు శాస్త్రపరమైన అర్థం అదే.

2014లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయంలో వలేరీ వూన్ బృందం అదుపు తప్పిన 19 మంది మగవాళ్ళ మెదళ్ళను, మామూలువాళ్ళు 19 మంది మెదళ్ళను స్కానింగు చేసింది. అశ్లీల దృశ్యాలు చూపినప్పుడు మొదటివారి మెదడులో ఉత్తేజితమైన భాగాలు, మత్తుమందులకు లోబడినవారికి ఆ మందును గుర్తుచేసినప్పుడు ఉత్తేజితమయ్యే భాగాలు ఒకటే. వీరిలో కోరిక ఎక్కువగా ఉంది, ఇష్టం మాత్రం మామూలువాళ్ళ కంటే ఎక్కువ లేదు. సిద్ధాంతానికి సరిగ్గా అతికింది.

నన్ను అన్నిటికంటే ఆశ్చర్యపరచింది పార్కిన్సన్ వ్యాధి సంగతి. చేతులు వణికే ఈ జబ్బులో మెదడులో డోపమిన్ తయారుచేసే కణాలు నశిస్తాయి. అందుకని డోపమిన్ పని చేసిపెట్టే మందులిస్తారు. ఆ మందులు మొదలుపెట్టాక, జీవితమంతా నిగ్రహంగా బతికిన పెద్దమనుషులు కొందరు ఉన్నట్టుండి జూదాలకు ఎగబడ్డారు, మరికొందరు కామోద్రేకం పట్టలేకపోయారు. 2010లో ప్రచురించిన ఒక పెద్ద పరిశోధనలో 3090 మంది రోగులను చూస్తే జూదం అదుపు తప్పినవారు నూటికి 5, లైంగిక ప్రవర్తన అదుపు తప్పినవారు 3.5. మందు తగ్గిస్తే చాలామందిలో ఆ ఉద్రేకమూ తగ్గుతుంది. శీలం అని మనం పిలిచే దానిలో రసాయనాల వంతు కొంత ఉందని ఒప్పుకోక తప్పదు.

కాదనేవారి వాదం

ఇంత చదివాక "ఇంకా సందేహమెందుకు, వ్యసనమే" అనిపిస్తుంది. నాకూ మొదట అలాగే అనిపించింది. కాని ఎదుటి పక్షం వాదన తీసిపారేసేది కాదు.

మొదటిది, డోపమిన్ సాక్ష్యం. ఆకలిగా ఉన్నవాడికి అన్నం వాసన తగిలినా డోపమిన్ పనిచేస్తుంది. ఇష్టమైన పాట వింటున్నప్పుడు కూడా డోపమిన్ విడుదలవుతుందని 2011లో ఆ మెగిల్ విశ్వవిద్యాలయం వారే చూపించారు. అంతమాత్రాన ఘంటసాల పాటకు బానిసలమైన రోగులమని మనల్ని ఎవరూ ఆస్పత్రిలో చేర్పించరు గదా! మెదడులో ఫలానా దీపం వెలిగింది అనగానే జబ్బు రుజువు కాదు. పైగా ఆ స్కానింగు చూపేది ఆ రోజున్న స్థితిని మాత్రమే. ప్రవర్తనవల్ల మెదడు మారిందా, అలాంటి మెదడున్నవాడికే ఆ ప్రవర్తన వచ్చిందా అన్నది దాంతో తేలదు.

రెండోది, పరిశోధనలన్నీ ఒక్క మాట చెప్పడం లేదు. 2015లో నికోల్ ప్రౌస్ బృందం మెదడు విద్యుత్తరంగాలను కొలిచి చూసింది. వ్యసనమే అయితే అశ్లీల చిత్రాలు చూడగానే పెరగవలసిన తరంగం, సమస్య ఉందన్నవారిలో తగ్గి కనిపించింది. ఆ ఫలితానికి అర్థమేమిటన్న దానిమీద మళ్ళీ ఇరుపక్షాలూ వాదించుకున్నాయి.

మూడోది, తాగుడుతో పోలిక. బాగా ముదిరిన తాగుబోతు ఒక్కసారిగా మానేస్తే చేతులు వణుకుతాయి, ఫిట్సు వస్తాయి, ఒక్కోసారి ప్రాణమే పోతుంది. ఇక్కడ అలాంటి శారీరక ప్రమాదం రుజువు కాలేదు. అయితే జూదానికీ అది లేదు, అయినా 2013లో జూదాన్ని వ్యసనాల్లో చేర్చారు గదా అని మొదటి పక్షం అడుగుతుంది. అది న్యాయమైన ప్రశ్నే. దానికి జవాబుగా రెండో పక్షం ఇంకో తేడా చూపిస్తుంది. సారా లేకుండా, పేకముక్క ముట్టకుండా మనిషి నిండునూరేళ్ళు బతకవచ్చు. కామం పుట్టుకతో వచ్చిన ప్రవృత్తి, దాంపత్యానికీ సంతానానికీ మూలం. దాన్ని పూర్తిగా మానేయడం చికిత్సకు గమ్యం కాలేదు.

2013లో వెలువడిన డి.ఎస్.ఎం. అయిదవ కూర్పు తయారవుతున్నప్పుడు మార్టిన్ కాఫ్కా అనే వైద్యుడు "హైపర్‌సెక్సువల్ డిజార్డర్" అనే పేరుతో దీన్ని చేర్చమని ప్రతిపాదించాడు. అమెరికన్ మానసిక వైద్యుల సంఘం తిరస్కరించింది. జూదాన్ని లోపలికి రానిచ్చిన తలుపే కామాన్ని బయట ఆపింది.

నాలుగో కారణం చరిత్రలో ఉంది. సమాజానికి నచ్చని ప్రతి కోరికనూ జబ్బు అనడం వైద్యులకు పాత అలవాటు. 1760లో తిస్సో అనే స్విట్జర్లాండు వైద్యుడు హస్తప్రయోగంవల్ల మనిషి క్షీణించి చస్తాడని పుస్తకం రాస్తే యూరపు మొత్తం వణికింది. స్వలింగ సంపర్కం 1973 దాకా అమెరికన్ వైద్యుల జాబితాలో, 1990 దాకా ప్రపంచ ఆరోగ్య సంస్థ జాబితాలో రోగమే. మన దేశంలో 2018 దాకా నేరం కూడా. చేయి కాలినవాడు పాలను ఊదుకు తాగుతాడంటే తప్పేముంది?

పాపభీతీ, గోడమీది డాక్టర్లూ

ఈ నాలుగో కారణం మనకు బాగా దగ్గరిది. జోషువా గ్రబ్స్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞుడు 2015 ప్రాంతంనుంచి చేసిన పరిశోధనల్లో ఒక సంగతి బయటపడింది. "నేను అశ్లీల చిత్రాలకు బానిసనయ్యాను" అనుకోవడానికీ, ఎంత చూస్తున్నారన్న దానికీ ఉన్న సంబంధంకంటే, అది పాపమని ఎంత గట్టిగా నమ్ముతున్నారన్న దానితో ఉన్న సంబంధం చాలా చోట్ల బలంగా కనిపించింది. అంటే కొద్దిగా చూసి ఎక్కువగా కుమిలేవాడు తనను రోగి అనుకుంటాడు. చేసేదానికీ నమ్మేదానికీ పొత్తు కుదరని బాధ అది. బాధ నిజమే, కాని వ్యసనం కాదు.

మన దేశంలో ఈ భయానికి ఒక పేరే ఉంది. 1960లో డాక్టర్ ఎన్.ఎన్. విగ్ అనే మానసిక వైద్యుడు దీనికి "ధాత్ సిండ్రోమ్" అని పేరు పెట్టాడు. ఇన్ని రక్తపు చుక్కలు కలిస్తే ఒక వీర్యపు చుక్క, అది పోతే బలం పోయినట్టే అని చిన్నప్పటినుంచి విన్న కుర్రవాడు నీరసం, నిద్రలేమి, గుండెదడ తెచ్చుకుంటాడు. శరీరంలో లోపమేమీ ఉండదు. విజయవాడ డాక్టర్ సమరంగారు ఏళ్ళ తరబడి పత్రికల్లో ప్రశ్నలకు జవాబులు రాసి ఈ భయం పోగొట్టడానికి పాటుపడ్డారు. అయినా పోలేదు. పోకపోగా ఇంగ్లీషు పేరు తగిలించుకుంది. తాతల కాలంలో "నరాల బలహీనత" అన్నవాళ్ళు ఇప్పుడు "పోర్న్ అడిక్షన్" అంటున్నారు. మందుల సీసా మారలేదు, చీటీ మారింది.

మా హాస్టల్లో జరిగినదే చెబుతాను. మా తోటివాడొకడు ఇలాగే భయపడి, బస్టాండు గోడమీది ప్రకటన చూసి ఒక వైద్యుణ్ణి కలిశాడు. "అడిక్షన్ ముదిరింది, పెళ్ళికి పనికిరావు, మూడు నెలల కోర్సు వాడాలి" అన్నాడట ఆయన. మిర్చి టిక్కీలు అమ్మి తండ్రి పంపిన పరీక్ష ఫీజు డబ్బు కాస్తా పొడులకూ లేహ్యాలకూ పోయింది. తిండి మానేశాడు, క్లాసులు మానేశాడు, ఎవరితో మాట్లాడేవాడు కాదు. చివరికి బలవంతాన గవర్నమెంటు ఆస్పత్రికి తీసుకెళితే అక్కడి డాక్టరుగారు పదిహేను నిమిషాలు కూర్చోబెట్టి అడగవలసినవి అడిగి, "నీకు ఏ జబ్బూ లేదు నాయనా, ఈ వయసులో అందరికీ ఉండేదే, వెళ్ళి చదువుకో" అన్నారు. ఆ రాత్రి వాడు పడుకున్న నిద్ర చూడాలి! లైంగిక శక్తిని పెంచుతామనే మందుల ప్రకటనలను 1954 నాటి చట్టమే నిషేధించింది. గోడలు మాత్రం ఇప్పటికీ నిండుగానే ఉన్నాయి. మాట ఒకటి తప్పుగా చెలామణీ అయితే ఎవరి జేబు ఖాళీ అవుతుందో మా గదిలోనే చూశాము.

జబ్బు ముసుగులో నేరం

ఇక మూడో మనిషి సంగతి. 2017లో హాలీవుడ్ నిర్మాత హార్వీ వైన్‌స్టీన్‌మీద పదుల సంఖ్యలో స్త్రీలు ఆరోపణలు చేయగానే ఆయన చికిత్సాకేంద్రంలో చేరాడు. 2022లో లాస్ ఏంజెలస్ కోర్టులో జ్యూరీ ఆయన్ని బలాత్కారం చేసిన దోషిగా తేల్చింది. కోరిక ఎక్కువ కావడం వేరు, ఒప్పుకోనివారిమీద చేయి వేయడం వేరు. మొదటిదానిలో అదుపు ప్రశ్న ఉంది. రెండోదానిలో ఎదుటి మనిషి ఇష్టాన్ని లెక్కచేయని అధికారం ఉంది. తాగుడు వ్యాధి అని ఒప్పుకున్నాం గదా అని, తాగి లారీ నడిపి మనిషిని చంపినవాణ్ణి వదిలేస్తున్నామా? మన భారతీయ న్యాయ సంహిత 22వ సెక్షను ప్రకారం మతిస్థిమితం లేక తాను చేస్తున్నది ఏమిటో, అది తప్పో కాదో తెలుసుకోలేని స్థితిలో ఉన్నవాడికే మినహాయింపు. కోరిక బలంగా ఉందన్నవాడికి ఆ మినహాయింపు లేదు, ఉండకూడదు.

ఈ మాట ఎంత ప్రమాదకరంగా తిరగబడుతుందో 2021 మార్చి 16న అమెరికాలోని అట్లాంటా ప్రాంతంలో తెలిసింది. ఒక యువకుడు మసాజు పార్లర్లలో ఎనిమిది మందిని కాల్చి చంపాడు. వారిలో ఆరుగురు ఆసియా సంతతి స్త్రీలు. తనకు సెక్స్ అడిక్షన్ ఉందనీ, ఆ ప్రలోభాన్ని లేకుండా చేయాలనుకున్నాననీ పోలీసులకు చెప్పాడు. చూడండి, తన కోరికకు "వ్యసనం" అని పేరు పెట్టగానే ఎదుటి స్త్రీ అతని కంటికి సారాసీసా అయిపోయింది! సీసాను పగలగొట్టవచ్చు. స్త్రీని జూదం పక్కన, కల్లుముంత పక్కన వస్తువుగా చేర్చిన మన పాత జాబితాలో ఉన్న దోషం కూడా ఇదే. మొదట దాన్ని వేరే వ్యాసం అని పక్కన పెట్టానుగాని, నిజానికి ఈ వ్యాసంలోనిదే.

ప్రపంచ ఆరోగ్య సంస్థ మధ్యేమార్గం

2019 మేలో ప్రపంచ ఆరోగ్య మహాసభ ఆమోదించి, 2022 జనవరి 1 నుంచి అమలులోకి వచ్చిన వ్యాధుల వర్గీకరణ పదకొండవ కూర్పులో ఈ సమస్యకు చోటు దొరికింది. పేరు "కంపల్సివ్ సెక్సువల్ బిహేవియర్ డిజార్డర్". మనసు వెనకనుంచి తోసి చేయించే లైంగిక ప్రవర్తన అని చెప్పుకోవచ్చు. జూదాన్నీ, వీడియో ఆటలనూ వ్యసనాల వరుసలో కూర్చోబెట్టిన ఆ గ్రంథమే దీన్ని మాత్రం వేరుగా, ప్రేరణలను అదుపు చేసుకోలేని రుగ్మతల వరుసలో కూర్చోబెట్టింది. వ్యసనమని చెప్పడానికి ఇప్పుడున్న సాక్ష్యం చాలదు, అయినా బాధితుణ్ణి వాకిట్లో నిలబెట్టకూడదు, సాక్ష్యం వచ్చినప్పుడు వరుస మార్చుకోవచ్చు. ఇదీ దాని సారాంశం.

అందులో రెండు హెచ్చరికలు బంగారంలాంటివి. ఒకటి, బాధ అంతా "ఇది తప్పు, పాపం" అన్న భావంనుంచే వస్తే దాన్ని ఈ రుగ్మత అనకూడదు. రెండు, కౌమారంలో సహజంగా ఎక్కువగా ఉండే లైంగిక ఆసక్తిని, హస్తప్రయోగంలాంటివాటిని, కుర్రవాడు బాధపడుతున్నా సరే, ఈ రుగ్మత అనకూడదు. మన దేశపు 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మూడో సెక్షను కూడా ఇదే దారిలో ఉంది. సమాజపు నీతులకో మతవిశ్వాసాలకో ఒదగలేదన్న కారణంతో ఎవరినీ మానసిక రోగి అని తేల్చకూడదని అది స్పష్టంగా చెబుతోంది.

నాకు ఈ తీర్పు సబబుగా తోస్తోంది. మిరప ఆకు సంగతి మళ్ళీ గుర్తు చేసుకోండి. "అదుపు తప్పింది" అని వచ్చినవాడి వెనక ఎన్నో కారణాలుండవచ్చు. ఉన్మాదదశలో ఉన్న బైపోలార్ వ్యాధి ఉండవచ్చు. పార్కిన్సన్ మందు ఉండవచ్చు. తాగుడు ఉండవచ్చు. ఒంటరితనాన్నీ దిగులునూ మరచిపోవడానికి పట్టుకున్న ఊతకర్ర ఉండవచ్చు. వట్టి పాపభీతి ఉండవచ్చు. వీటన్నిటిమీదా "వ్యసనం" అన్న ఒకే మందు కొడితే అసలు పురుగు దాక్కుంటుంది. ఆకు తిరగేసి చూసే ఓపిక ఉన్న డాక్టరు ఒక్కొక్కరికి ఒక్కొక్క దారి చూపుతాడు. సహాయం చేయడానికి వ్యసనమన్న మాట అవసరం లేదు. 2019లో స్వీడనువారు ప్రచురించిన పరిశోధనలో, ఆలోచనలనూ అలవాట్లనూ సరిదిద్దే మాటల చికిత్స గుంపుగా కూర్చోబెట్టి చేస్తే ఇలాంటి బాధితులకు మేలు కనిపించింది.

మనం ఏం చేయాలి?

42 దేశాల్లో 82 వేలకు పైగా మందిని ప్రశ్నించి 2023లో ప్రచురించిన ఒక సర్వేలో ఈ రుగ్మతకు దగ్గరగా ఉన్నవారు నూటికి సుమారు 5 మంది. వారిలో వైద్యసహాయం కోరినవారు నూటికి 14 మందే. మన దగ్గర "ఎర్రగడ్డకు పోవాలి" అన్నమాట ఇప్పటికీ తిట్టుగానే వాడుతున్నాం. ఎర్రగడ్డలోనూ, విశాఖలోనూ ఉన్నవి ఆస్పత్రులే. కాలు విరిగితే ఎముకల డాక్టరు దగ్గరికి పోయినట్టే మనసు పట్టు తప్పితే మనసు డాక్టరు దగ్గరికి పోవాలి. అంతదూరం వెళ్ళడానికి మొహమాటపడేవారి కోసం 2022 అక్టోబరు 10 నుంచి కేంద్ర ప్రభుత్వం టెలిమానస్ నడుపుతోంది. 14416కు ఫోను చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.

మన కాలేజీలో జువాలజీ పాఠంలో కప్ప జననేంద్రియాల బొమ్మ గీయడానికి ఎవరమూ సిగ్గుపడం. మనిషి పాఠం వచ్చేసరికి "ఇంటి దగ్గర చదువుకోండి" అని పేజీ తిప్పేస్తారు. ఆ తిప్పేసిన పేజీనే సెల్‌ఫోనూ, గోడమీది వైద్యుడూ చేతనైనట్టు పూరిస్తున్నారు. అధ్యాపకులకు నా మనవి ఏమంటే, ఏడాదికి ఒక్క గంట, ఒక మంచి మానసిక వైద్యుణ్ణి పిలిపించి, అబ్బాయిలనూ అమ్మాయిలనూ కూర్చోబెట్టి, చీటీలమీద పేర్లు లేకుండా ప్రశ్నలు రాయించి, జవాబులు చెప్పించండి. సంఘం తరఫున ఏర్పాట్లు మేము చూసుకుంటాం.

మిత్రులకు చెప్పేది ఇంతే. కోరిక కలిగిందని నిన్ను నువ్వు రోగిననుకోకు. నిజంగా అదుపు తప్పి బతుకు దెబ్బతింటుంటే సిగ్గుపడి దాచుకోకు. ఎవరినైనా బాధపెట్టి వచ్చి, జబ్బని మాత్రం చెప్పకు.